పోలికలకు అందని పరిశుద్ధుడు
బిషప్ రెజినాల్డ్ హెబరు (1783–1826) జీవితము

దేవునిగూర్చి నోరు తెరచు ప్రతి మనుష్యుడును ఒక చిక్కును ఎదుర్కొనక తప్పదు. కంటికి కనబడనివానిని కంటికి కనబడు వస్తువుల సాయముతో చెప్పవలెను. ఆదియంతములు లేనివానిని పుట్టి గిట్టు లోకమునుండి ఏరితెచ్చిన మాటలతో వర్ణింపవలెను. పరిశుద్ధ గ్రంథమే ఈ మార్గమును త్రొక్కినది. దేవుడు కాపరియనియు, ఆశ్రయదుర్గమనియు, తండ్రియనియు, రెక్కల క్రింద పిల్లలను దాచు పక్షివంటివాడనియు, దహించు అగ్నియనియు భక్తులు పలికిరి. అయినను ఆ గ్రంథమే యెషయా 40వ అధ్యాయమున, దేవుని ఎవనితో పోల్చగలరని నిలువదీసి అడుగుచున్నది. పోల్చక గతిలేదు, పోల్చుటకు సాటిలేదు. ఈ రెండింటి నడుమ తన కలమును, గళమును, తుదకు ప్రాణమును ప్రభువునకు సమర్పించిన సేవకుడు బిషప్ రెజినాల్డ్ హెబరు. ఆయన రచించిన త్రిత్వ గీతము నేటికిని అనేక భాషలలో పాడబడుచున్నది. ఆ గీతకర్త మన దేశమున రెండున్నర సంవత్సరములు సంచరించి, సూరత్ నగరమున దేవాలయమును ప్రతిష్ఠించి, తిరుచిరాపల్లిలో కన్నుమూసెనని ఎరిగినవారు కొందరే.

ఖర్జూర వృక్షమువలె లేచిన మందిరము

హెబరు 1783 ఏప్రిల్ 21వ తేదీన ఇంగ్లండు దేశములోని చెషైరు మండలమున మాల్పస్ అను ఊరిలో జన్మించెను. తండ్రి ఇంగ్లండు సంఘములో గురువు. సవతి అన్నయగు రిచర్డ్ హెబరు గ్రంథసేకరణలో ఆ దేశమంతట పేరుగాంచినవాడు. పుస్తకముల నడుమ పెరిగిన రెజినాల్డు 1800లో ఆక్స్‌ఫర్డులోని బ్రేస్‌నోస్ కళాశాలలో చేరెను. 1803లో, ఇరువదియేండ్ల ప్రాయమున, పాలస్తీనా అను ఆంగ్ల కావ్యమునకు విశ్వవిద్యాలయ బహుమానమును గెలుచుకొనెను.

ఆ కావ్యమునుగూర్చి ఒక సంగతి ప్రసిద్ధము. ప్రఖ్యాత రచయితయగు వాల్టర్ స్కాటు ఆక్స్‌ఫర్డునకు వచ్చినపుడు హెబరు తన పద్యములను ఆయనకు చదివి వినిపించెను. సొలొమోను మందిరమునుగూర్చిన భాగము విని స్కాటు ఒక లోపమును చూపెను. మందిరము కట్టబడుచుండగా సుత్తెయొక్కగాని గొడ్డలియొక్కగాని ధ్వని వినబడలేదని రాజుల మొదటి గ్రంథము 6వ అధ్యాయమున ఉన్నది. ఆ అద్భుతము కావ్యమున లేదు. హెబరు ఒక మూలకు పోయి, ఆ కూటము ముగియకమునుపే క్రొత్త పంక్తులను వ్రాసి తెచ్చెను. వాటిలో ఆ మందిరము పొడవైన ఖర్జూర వృక్షమువలె నిశ్శబ్దముగా పైకి లేచినది.

ఆ ఒక్క పోలికలో హెబరుయొక్క వరము తేటపడినది. మందిరము ఎన్ని మూరల పొడవో, ఎన్ని మూరల వెడల్పో వాక్యము చెప్పుచున్నది. చెట్టు ఆ కొలతలను చెప్పదు. అయితే చప్పుడు చేయకయే పెరుగు చెట్టును తలంచిన చదువరికి ఆ పనివెనుకనున్న దేవుని హస్తము స్ఫురించును. మంచి పోలిక చేయవలసిన పని అదియే. అది వస్తువును కొలువదు. హృదయమును వస్తువు ఎదుటికి తెచ్చి నిలుపును.

హాడ్నెట్ గురువు

ఆక్స్‌ఫర్డు చదువు ముగిసిన పిమ్మట, 1805లో హెబరు తన స్నేహితుడగు జాన్ థార్న్‌టనుతో కూడ స్వీడను, రష్యా దేశములగుండ దూరప్రయాణము చేసెను. మాస్కో నగరపు క్రెమ్లిన్ కోటగోడలు ఆయన మనస్సున నిలిచిపోయినవి. తిరిగివచ్చి 1807లో గురువుగా అభిషేకము పొంది, ష్రాప్‌షైరు మండలములోని హాడ్నెట్ అను గ్రామ సంఘమునకు కాపరియయ్యెను. 1809లో అమీలియా షిప్లీని వివాహమాడెను. పదునారు సంవత్సరములకు మించి ఆ పల్లెప్రజల నడుమ, పండితుడననియు కవిననియు తలంచుకొనక, రోగులను పరామర్శించుచు, బీదలకు సాయపడుచు జీవించెను.

ఆ దినములలో ఇంగ్లండు సంఘపు ఆరాధనలో దావీదు కీర్తనలను పద్యములుగా మార్చి పాడుటయే వాడుక. క్రొత్తగా వ్రాయబడిన గీతములను అనేకులు అనుమానముతో చూచుచుండిరి. హెబరు సంఘ సంవత్సరములోని ప్రతి ఆదివారమునకును, ఆ దినపు పాఠమునకు తగిన గీతమును వ్రాయవలెనని పూనుకొనెను. 1811లో వాటిలో కొన్ని ఒక క్రైస్తవ పత్రికయందు వెలువడినవి. తరువాత వాటిని గ్రంథముగా ప్రకటించుటకు సంఘాధికారుల అనుమతి కోరెను, అది లభింపలేదు. అందుచేత ఆ గీతమాలిక ఆయన జీవించియుండగా గ్రంథరూపము దాల్చలేదు.

1815లో ఆక్స్‌ఫర్డులో బాంప్టన్ ప్రసంగములు చేయుటకు ఆయన పిలువబడెను. ఎన్నుకొనిన విషయము ఆదరణకర్తయగు పరిశుద్ధాత్మయొక్క వ్యక్తిత్వము, ఆయన కార్యము. ఇచ్చట పోలికలవలన కలుగు అపాయము స్పష్టముగా కనబడును. వాక్యము ఆత్మను గాలితోను, నీటితోను, అగ్నితోను, తైలముతోను పోల్చినది. గాలి వీచును, నీరు పారును, అగ్ని కాల్చును. అయితే వీటిలో ఏదియు ప్రేమింపదు, దుఃఖింపదు, పేరుపెట్టి పిలువదు. పోలికనే పట్టుకొని అక్కడనే ఆగిపోయినవాడు పరిశుద్ధాత్మను ఒక శక్తిగా మాత్రమే ఎంచును. ఆయన బోధించువాడనియు, ఆదరించువాడనియు, దుఃఖపరచబడగలవాడనియు అదే వాక్యము చెప్పుచున్నది. పరిశుద్ధాత్మ వ్యక్తియని స్థాపించుటకు హెబరు ఆ ప్రసంగములలో తన పాండిత్యమునంతటిని వినియోగించెను.

1818 చివర ఆ గృహమున పెద్ద దుఃఖము కలిగెను. హెబరు దంపతుల మొదటి బిడ్డయగు బార్బరా పసికందుగా ఉండగనే మరణించెను. ఆ సమాధి ఎదుట పుట్టిన గీతమొకటి తరువాత అనేక క్రైస్తవ కుటుంబములకు మరణకాలమున ఆదరణయైనది. దేవుడు తండ్రి అను పోలికను సుఖదినములలో పలుకుట సులభము. బిడ్డను పాతిపెట్టి వచ్చిన తండ్రి ఆ మాటను మరల పలుకునపుడు అది అలంకారముగా మిగులదు. భూమిమీది తండ్రి తన బిడ్డను మరణమునుండి తప్పింపజాలడు. తన కుమారుని మరణమునకు అప్పగించి, మృతులలోనుండి లేపిన తండ్రి ఒక్కడే. పోలిక అంతవరకు చేయిపట్టుకొని నడిపించును. అటుపైన నడుచునది విశ్వాసమే.

1822లో హెబరు పదునేడవ శతాబ్దపు బిషప్పైన జెరెమీ టేలరు గ్రంథములన్నిటిని, ఆయన జీవితచరిత్రతో కూడ, ప్రకటించెను. ఉపమానములకు టేలరు పెట్టినది పేరు. కోపముతో ప్రార్థించువానిని ఆయన, గానము చేయుచు పైకెగురబోయి పెనుగాలి తాకిడికి క్రిందపడు చిన్నపక్షితో పోల్చెను. ఆ పక్షి గాలి శాంతించిన తరువాతగాని ఆకాశమునకు ఎగురలేదు. ఇట్టి గురువు పాదములయొద్ద సంవత్సరములు గడిపిన హెబరునకు ఉపమానము ప్రసంగపు ఆభరణము కాదనియు, ఆత్మలను నడిపించు పనిముట్టనియు తెలియకుండునా?

నక్షత్రమునుగూర్చిన అభ్యంతరము

హెబరు గీతములలో ప్రత్యక్షత పండుగకు వ్రాసినది ఒకటి కలదు. జ్ఞానులకు త్రోవ చూపిన నక్షత్రమును సంబోధించుచు అది ఆరంభమగును. బంగారము, సుగంధద్రవ్యములు, ముత్యములు ప్రభువునకు అర్పింపదగినవా యని విచారించి, బీదవాని ప్రార్థనయే ఆయనకు ప్రియమైనదని అది ముగింపునకు వచ్చును. దాని సారమంత చక్కగానున్నను, గీతావళులు కూర్చిన కొందరు దానిని చేర్చుటకు వెనుకాడిరి. నక్షత్రమును ఉద్దేశించి సహాయము చేయుమని పాడుట నక్షత్రపూజకు దారితీయునేమోయని వారి భయము.

ఆ భయమును నవ్వి త్రోసివేయరాదు. మోషే అరణ్యములో ఎత్తిన ఇత్తడి సర్పము స్వస్థతకు గురుతుగా దేవునివలననే ఇయ్యబడినది. శతాబ్దములు గడచినపిదప ప్రజలు దానికే ధూపము వేయగా, హిజ్కియా రాజు దానిని పగులగొట్టవలసివచ్చెను. దేవుడిచ్చిన గురుతే ఆ దురవస్థకు లోనుకాగా, కవి ఎన్నుకొనిన గురుతు మాటయేమి? అయినను హెబరు నక్షత్రము తనయొద్ద ఎవరిని నిలుపుకొనదు. అది తొట్టియొద్దకు నడిపించి తప్పుకొనును. పోలికకు తగిన మర్యాద అదియే.

భారతదేశపు పిలుపు

కలకత్తా మొదటి బిషప్పగు థామస్ మిడిల్టను 1822లో మరణించెను. ఆ స్థానమునకు హెబరును పిలిచినపుడు ఆయన భార్యాబిడ్డల క్షేమమును తలంచి మొదట నిరాకరించెను. పిదప ప్రార్థనతో మనస్సు మార్చుకొని అంగీకరించి, 1823 జూన్ 1వ తేదీన లండనులోని లాంబెత్‌లో బిషప్పుగా అభిషేకము పొంది, అదే నెలలో ఓడయెక్కి అక్టోబరులో కలకత్తా చేరెను. ఆయన ఆధీనములోని ప్రాంతము యావద్భారతము, సింహళము మాత్రమేగాక ఆస్ట్రేలియావరకు వ్యాపించియుండెను.

ఈ దేశమునుగూర్చి ఆయన అంతకుముందే ఒక మాట పలికియుండెను. 1819 పెంతెకొస్తు పండుగకు రెక్సమ్ పట్టణమున, తన మామగారి దేవాలయమున పాడుటకై ఒక మిషనెరీ గీతమును అప్పటికప్పుడు వ్రాసెను. అది ఇంగ్లీషు మాటలాడు దేశములన్నిట వ్యాపించెను. సువార్త సకల జనములకు చేరవలెనను దాని ఆశయము గొప్పదే. అయినను, కంటితో చూడని జనములను అంధులుగా, నీచులుగా చిత్రించిన మాటలు దానిలో కలవు. గుజరాతు ప్రాంతమున జన్మించిన గాంధీగారు 1925లో కలకత్తాలో మిషనెరీలతో మాటలాడుచు ఆ మాటలకు తన నొప్పిని వెల్లడించిరి. దేవునిగూర్చి పోలికలు చెప్పునపుడు ఎంత జాగ్రత్త వలయునో, పొరుగువానిగూర్చి చెప్పునపుడును అంత జాగ్రత్త వలయును. వాడును దేవుని స్వరూపమున చేయబడినవాడే గదా!

ఇండియాకు వచ్చిన హెబరు ఆ ప్రజలను దూరమునుండి చూచి తృప్తిపడలేదు. హిందూస్థానీ అభ్యసించెను. 1824లో క్రిస్టియన్ డేవిడ్ అను తమిళ ఉపదేశికిని, 1825లో ఇస్లామునుండి క్రీస్తును చేరిన అబ్దుల్ మసీహును గురువులుగా అభిషేకించెను. 1824 జూన్ 15వ తేదీన కలకత్తా విడిచి నదీమార్గమున బయలుదేరి ఉత్తర భారతమంతయు చుట్టివచ్చు గొప్ప యాత్రను ఆరంభించెను. ఆరంభముననే, ఢాకాలో ఆయన చాప్లెయినైన మార్టిన్ స్టో జ్వరముతో మరణించెను. దుఃఖమును దిగమ్రింగి హెబరు కాశీ, లక్నో, అల్మోరా, ఢిల్లీ, జయపూరు పట్టణములమీదుగా సాగి, 1825 వసంతమున గుజరాతు చేరెను.

నడియాదులో ఇరువురు ఆచార్యులు

గుజరాతులో ఆ కాలమున సహజానంద స్వామి పేరు మారుమ్రోగుచుండెను. స్వామినారాయణుడని ఆయనను ప్రజలు పిలిచెడివారు. దొంగతనమును, రక్తపాతమును, వ్యభిచారమును మానుడని ఆయన బోధింపగా చెడిపోయిన గ్రామములు బాగుపడెనని హెబరు వినెను. ఈయన సువార్తకు మార్గము సిద్ధపరచువాడగునేమోయని ఆశపడి, ఆయనను కలిసికొనగోరెను.

1825 మార్చి 26వ తేదీన ఖేడా ప్రాంతములోని నడియాదులో ఆ కలయిక జరిగెను. స్వామివెంట సుమారు 200 మంది ఆయుధధారులగు రౌతులు వచ్చిరి. హెబరువెంట కంపెనీవారు పంపిన రౌతులు 50 మంది యుండిరి. సమాధానమును ప్రకటించు ఇరువురు మతగురువులు చిన్న సేనలతో ఎదురుపడుట చూచి హెబరు సిగ్గుపడెను. ఆ సంగతిని తన దినచర్యలో దాచక వ్రాసికొనెను.

సంభాషణ దేవునిగూర్చియే సాగెను. దేవుడొక్కడేయని స్వామి చెప్పినపుడు హెబరు సంతోషించెను. ఆ ఒక్కనికే అనేక నామములు కలవనియు, ఆయన ఆయా జనులకు ఆయా రూపములలో ప్రత్యక్షమయ్యెననియు చెప్పి, స్వామి తాను ఆరాధించు కృష్ణుని చిత్రపటమును చూపినపుడు హెబరు ఆశ సన్నగిల్లెను. ఇరువురును మర్యాదతో మాటలాడుకొని, మర్యాదతోనే విడిపోయిరి. ఒకరి మనస్సును ఒకరు మార్చలేదు.

ఆ దినమున వారి నడుమ నిలిచిన ప్రశ్న పెద్దది. రూపములన్నియు మనుష్యులు ఎన్నుకొనినవైనచో, ఒకదానికంటె ఒకటి మేలని ఎవరు చెప్పగలరు? క్రైస్తవ విశ్వాసము ఈ ప్రశ్నకు ఉపమానములతో ఉత్తరమియ్యదు. అదృశ్య దేవుని స్వరూపి ఒక్కడున్నాడనియు, ఆయనను మనుష్యులు చెక్కలేదనియు, తండ్రియే పంపెననియు కొలొస్సయులకు వ్రాసిన పత్రిక సాక్ష్యమిచ్చుచున్నది. తక్కిన పోలికలన్నియు మనుష్యుని చేయి దేవునివైపు చాపిన వ్రేళ్లు. క్రీస్తు దేవుని చేయి మనుష్యునివైపు చాపబడినట్టివాడు.

సూరత్ నగరము

హెబరు ఖేడాలో దేవాలయమును ప్రతిష్ఠించి, భరూచ్ మీదుగా ప్రయాణించి, ఏప్రిల్ మధ్యలో తపతీ నదీతీరమందలి సూరత్ చేరెను. ఒకప్పుడు మొగలు సామ్రాజ్యమునకు సముద్రద్వారమై, మక్కా యాత్రికుల ఓడలకును, ఆంగ్లేయ, డచ్చి వర్తకుల గిడ్డంగులకును నిలయమైన ఆ నగరము అప్పటికి క్షీణించియుండెను. వర్తకము చాలవరకు బొంబాయికి తరలిపోయెను. ఇరుకైన వంకరవీధులు, కలపచట్రములలో ఇటుకలు పేర్చి కట్టిన ఎత్తైన ఇండ్లు, చుట్టును బురుజులుగల ప్రాకారము ఆయనకు కనబడినవి. ఆ గోడలను చూడగనే ఆయనకు యౌవనమున చూచిన క్రెమ్లిన్ జ్ఞాపకమువచ్చెను. ఎరుగనిదానిని ఎరిగినదానితో పోల్చి గ్రహించుట మనుష్యుని బుద్ధికి సహజమే.

నదియొడ్డుననున్న కోటమీద ఆయన ఒక వింతను చూచెను. అక్కడ రెండు ధ్వజస్తంభములుండెను. ఒకదానిమీద ఆంగ్లేయుల జెండా; రెండవదానిమీద ఢిల్లీ చక్రవర్తి ప్రాచీన చిహ్నమగు ఎఱ్ఱ జెండా. ఆ చక్రవర్తియగు రెండవ అక్బరును హెబరు కొలదినెలలక్రితమే ఢిల్లీలో దర్శించియుండెను. సూరత్‌లో ఆయన అధికారము ఏనాడో నామమాత్రమైపోయినది, జెండామాత్రము ఎగురుచుండెను. ఏ చిహ్నమునకైనను ఈ గతి పట్టవచ్చును. దేవుడు రాజు, దేవుడు కాపరియని పెదవులు పలుకుచుండగా, ఆ మాటల వెనుక జీవితమున ఏ ఏలుబడియు, ఏ విధేయతయు లేకపోయినచో, ఆ పోలిక కోటమీది ఎఱ్ఱ జెండాయే.

ఏప్రిల్ 17వ తేదీ, ఆదివారమున హెబరు సూరత్ దేవాలయమును, దానితోకూడ ఆంగ్లేయుల విశాలమైన సమాధులతోటను దేవునికి ప్రతిష్ఠించెను. 1669లో మరణించిన జార్జ్ ఆక్సెండన్ మొదలగు కంపెనీ అధికారులు అక్కడ గొప్ప గోపురముల క్రింద నిద్రించుచున్నారు. ఆ గోరీలు మహమ్మదీయ శిల్పపద్ధతిలో, నవాబుల సమాధులకు పోటీగా కట్టబడి, అప్పటికే శిథిలమగుచుండెను. మహిమకు ప్రతిరూపముగా రాళ్లు పేర్చినవారి పేరులుసైతము ఆ రాళ్లతోకూడ నలిగిపోవుచుండెను. ఇరువదియేండ్ల ప్రాయమున సొలొమోను మందిరమును ఖర్జూర వృక్షముతో పోల్చిన కవి, ఇప్పుడు దూరదేశమున ఒక చిన్న దేవాలయమును ప్రతిష్ఠించుచుండెను. ఆ మందిరమును ప్రతిష్ఠించిన దినమున సొలొమోను, ఆకాశ మహాకాశములు పట్టజాలని దేవుడు తాను కట్టిన మందిరమున ఎట్లు పట్టునని ఒప్పుకొనెను. రాతితో కట్టిన దేవాలయమునకు తగిన ఆ ఒప్పుకోలు, మాటలతో కట్టిన ప్రతి పోలికకును తగినదే.

ఆ సూరత్‌లోనే మరియొక విధమైన నిర్మాణము జరుగుచుండెను. 1805లో క్రాన్, డెగ్రాంజస్ అను సేవకులను విశాఖపట్టణమునకు పంపి తెలుగు బైబిలు అనువాదమునకు నాంది పలికిన లండన్ మిషనెరీ సొసైటీయే, 1815లో సూరత్‌లో పనిని ఆరంభించెను. అక్కడ జేమ్స్ స్కిన్నరు, విలియం ఫైవీ గుజరాతీలోనికి బైబిలును అనువదించిరి. స్కిన్నరు 1821లో మరణించినను పని నిలువలేదు. 1820వ దశకపు తొలి సంవత్సరములలోనే ఆ గ్రంథము సూరత్ ముద్రాలయమునుండి వెలువడెను. తరువాతి తరములో దానిని సరిదిద్దిన జోసెఫ్ వాన్ సోమరెన్ టేలరు 1820లో బళ్లారిలో జన్మించినవాడు.

అట్టి అనువాదకుల కష్టము పదములతో తీరునది కాదు. దేవుడు దహించు అగ్నియను మాట, అగ్నిని పరిశుద్ధచిహ్నముగా కాపాడు పారసీలు నివసించు నగరమున ఒకవిధముగా వినబడును. దేవుని గొఱ్ఱెపిల్లయను మాట, జబ్బుపడిన పశుపక్ష్యాదులకు ఆసుపత్రిని నడుపు జైన, వైష్ణవ వర్తకుల వీధులలో మరియొకవిధముగా వినబడును. వధింపబడిన గొఱ్ఱెపిల్ల వారికి ఆదరణకంటె ముందు బాధను కలిగించును. వెండిని శుద్ధిచేయువానివలె దేవుడు కూర్చుండునను మలాకీ ప్రవక్త మాటనైతే, వెండిని కరిగించి జరీతీగెగా సాగదీయు సూరత్ పనివాడు వివరణ లేకయే గ్రహించును. ఒకే పోలిక ఒక వీధిలో ద్వారము, మరియొక వీధిలో గోడ. అందుచేత బోధకుడు పోలికను విసరి వెళ్లిపోరాదు. వినువాని ప్రక్కన కూర్చుండి, దానిలో ఏది నిలుపవలెనో, ఏది విడువవలెనో ఓపికతో చెప్పవలెను. గొఱ్ఱెపిల్లను మనుష్యుడు బలిగా తెచ్చి దేవుని శాంతపరచుట అక్కడ చెప్పబడలేదు. దేవుడే తన్నుతాను అప్పగించుకొనిన సంగతి చెప్పబడినది. అది తెలిసిననాడు, చీమకును కీడుచేయ వెరచువాడు ఆ ప్రేమను ఇతరులకంటె లోతుగా గ్రహింపవచ్చును.

చివరి ప్రయాణము

సూరత్‌నుండి హెబరు సముద్రమార్గమున బొంబాయికిని, పిదప సింహళమునకును పోయి, 1825 అక్టోబరులో కలకత్తా చేరెను. విశ్రాంతి కొద్దిదినములే. 1826 ఆరంభమున మరల ఓడయెక్కి మద్రాసునకు వచ్చెను. మార్చి 26వ తేదీన తంజావూరులో, భక్తుడగు ష్వార్ట్‌జ్ శ్రమించిన సంఘములో, పునరుత్థాన పండుగ ఆచరించెను. సరిగా ఒక సంవత్సరముక్రితము అదే తేదీన ఆయన నడియాదులో రౌతుల నడుమ నిలిచియుండెను. తంజావూరులో ఆయన తమిళ క్రైస్తవులకు వారి భాషలోనే ఆశీర్వాదము పలికెను. తమ బిషప్పు తమ నుడిలో దేవుని సమాధానమును పలుకగా విన్న ఆ ప్రజలు పరవశులైరి.

ఏప్రిల్ 3వ తేదీన తిరుచిరాపల్లి కోటలోని మిషను దేవాలయమున తెల్లవారుజామున తమిళ విశ్వాసులమీద హస్తములుంచి వారిని సంఘమున స్థిరపరచెను. ఎండతాపమున బసకు తిరిగివచ్చి స్నానమునకు పోయి, నీటిలోనే ప్రాణము విడిచెను. అప్పటికి ఆయనకు నలువదిమూడేండ్లు నిండుటకు ఇంకను పదునెనిమిది దినములుండెను. తిరుచిరాపల్లి సెయింట్ జాన్స్ దేవాలయమున ఆయన దేహము ఉంచబడెను. మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రలులో శిల్పి ఛాంట్రీ చెక్కిన ఆయన పాలరాతి ప్రతిమ నిలుపబడెను.

పోలికలు మౌనము వహించిన చోటు

మరణానంతరము అమీలియా ఆయన కాగితములను పోగుచేసెను. 1827లో గీతములును, 1828లో ఉత్తర భారత యాత్రాచరిత్రయు గ్రంథములుగా వెలువడినవి. ఆ గీతములలో త్రిత్వ ఆదివారమునకు, హాడ్నెట్ దినములలో వ్రాసినది ఒకటి. 1861లో జాన్ బాకస్ డైక్స్ దానికి స్వరము కూర్చి, ఆ స్వరమునకు నైసియా అని పేరు పెట్టెను. కుమారుడు తండ్రితో ఏకతత్త్వము గలవాడని సంఘము 325లో ఒప్పుకొనినది నైసియా పట్టణమందే. ఆ ఒప్పుకోలుకు 2025లో 1700 సంవత్సరములు నిండినవి.

త్రిత్వమును వివరించుటకు బోధకులు ఎన్నో పోలికలు వెదకిరి. సూర్యుడు, వెలుగు, వేడిమి అని ఒకరు. ఊట, ఏరు, నది అని మరియొకరు. ప్రతి పోలికయు కొంతదూరము వచ్చి కుంటును. సూర్యుడు వెలుగును ప్రేమింపడు. నది ఊటకు ప్రార్థింపదు. నైసియా పితరులును వెలుగునుండి కలిగిన వెలుగను పోలికను వాడిరి. అయితే దానియొద్దనే ఆగక, ఏకతత్త్వమను మాటతో దానికి కంచె కట్టిరి.

పోలికలలో అంత నేర్పరియైన హెబరు ఈ గీతమున ఏమి చేసెను? ముగ్గురు ఒక్కడెట్లగునో తెలుపుటకు ఒక్క ఉపమానమునైనను ఆయన తేలేదు. యోహాను పత్మాసు ద్వీపమున చూచిన దర్శనమునకు పాడువారిని కొనిపోయి, స్ఫటికమువంటి సముద్రమునొద్ద, కిరీటములు తీసి పడవేయు పెద్దల నడుమ నిలిపెను. పాపియైన నరుని కన్ను ఆ మహిమను చూడజాలదని ఒప్పుకొనెను. ప్రకటన గ్రంథములోని నాలుగు జీవులవలె, పరిశుద్ధుడని ముమ్మారు పలుకుటతో తృప్తిపడెను. మందిరమునకు చెట్టును, మార్గమునకు నక్షత్రమును పోలికగా చూపగలిగిన కవి, సింహాసనము ఎదుటకు వచ్చినపుడు చేతులు కట్టుకొని సాగిలపడెను.

ఆదివారపు బడిలో బాలలకు బోధించు ఉపాధ్యాయుడును, పల్లె కూటములలో సాక్ష్యమిచ్చు సోదరియు, రోగి మంచమునొద్ద ప్రార్థించు కాపరియు పోలికలు లేక మాటలాడజాలరు. వాటిని వాడుటకు జంకనక్కరలేదు. ప్రభువే విత్తనములతో, పులిసిన పిండితో, తప్పిపోయిన గొఱ్ఱెతో బోధించెను. అయితే ఏ పోలిక చెప్పినను, అది వినువానిని ఎవరియొద్దకు చేర్చుచున్నదని తన్నుతాను పరీక్షించుకొనవలెను. బేత్లెహేము నక్షత్రమువలె క్రీస్తునొద్దకు చేర్చి తప్పుకొనునది మంచి పోలిక. త్రోవ చూపవలసినది పూజలందుకొన మొదలిడినచో, హిజ్కియా చేసినట్లు దానిని విరుగగొట్టుటకు వెనుదీయరాదు.

మనుష్యకుమారుడుగా వచ్చిన దేవుని వాక్యమే మాటలకు చాలని తండ్రిని బయలుపరచెను. పోలికలన్నియు ఆయన యొద్దకు చేర్చి ఆగిపోవును. అచ్చట విశ్వాసి చేయవలసినది ఆరాధన.